బోధనాసుపత్రిలో మొదటి ఏడాది ఆసరా: ఏది పనికొచ్చింది, ఏది ఫొటోలకే పనికొచ్చింది

గంజాం నుంచి కోరాపుట్ దాకా ఉన్న ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి, కొత్తగా చేరే పీజీలకూ (జూనియర్ రెసిడెంట్లు, అంటే జేఆర్‌లు) సీనియర్ రెసిడెంట్లకూ (ఎస్‌ఆర్‌లు) ఏడాది పొడవునా నడిచే సహాయ కార్యక్రమం ఒకటి పెట్టింది. ఆసుపత్రి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇందులోని లోటుపాట్లు ఆ ఒక్క చోటివి కావు, ఈ పక్క ఏ కాలేజీకి వెళ్లినా వాటిలో రెండు మూడైనా కనబడతాయి. ఆలిండియా కోటాలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఇటు వచ్చే తెలుగు పిల్లలు ఏటా ఉంటారు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాళ్లు సరేసరి. సీటు ఎంచుకునేటప్పుడు కట్‌ఆఫ్, స్టైపెండ్, కేసుల సంఖ్య అడుగుతారు గానీ, చేరాక మొదటి ఆరు నెలలు ఎవరు చూసుకుంటారన్నది ఎవరూ అడగరు. అందుకే ఈ సమీక్ష.

కార్యక్రమంలో ఉన్నవి ఇవి: మూడు రోజుల ఇండక్షన్, జేబులో పెట్టుకునే కాల్ కార్డు, అచ్చు వేసిన హ్యాండోవర్ షీటు, పోస్ట్-డ్యూటీ ఆఫ్ నియమం, సూది గుచ్చుకుంటే వాడే కిట్టు, మెంటరు, ఒడియా క్లాసు, కౌన్సెలింగ్, థీసిస్ క్లినిక్. వీటికి తోడు యోగా, ప్రేరణ ప్రసంగం, గ్రూప్ ఫొటో. పైసా ఖర్చు లేనివి బాగా పనిచేస్తున్నాయి. బ్యానర్లు కట్టి డబ్బు పెట్టినవి బ్యానర్లతోనే పోయాయి.

ముందు కాల్ కార్డు. అరచేతి సైజు, లామినేట్ చేసిన ముక్క. ఒక వైపు “తప్పక పిలవాలి” అని శీర్షిక. “అవసరమైతే పిలవండి” అని రాసి ఉంటే ఈ కార్డు చెత్తబుట్టలో ఉండేది. కొత్తవాడికి అవసరం ఏదో తెలిస్తే పిలవనే పిలవడు, పనే చేసేస్తాడు. కార్డులో అంకెలే ఉన్నాయి: సిస్టాలిక్ బీపీ 90 కంటే తగ్గితే, ఊపిరి నిమిషానికి 30 దాటితే, ఆక్సిజన్ పెట్టినా శాచురేషన్ 90 కిందికి జారితే, జీసీఎస్ (రోగి తెలివి ఎంతుందో చెప్పే స్కోరు) రెండు పాయింట్లు పడితే, మూత్రం ఆరు గంటలుగా గంటకు కిలోకు 0.5 మి.లీ. రాకపోతే, షుగర్ 54 కిందికి వస్తే, పొటాషియం 6 దాటితే. వీటి కింద అంకెలు లేని నాలుగు: రక్తం ఎక్కిస్తుండగా రియాక్షన్, లామా (డాక్టరు వద్దన్నా రోగి వెళ్లిపోవడం) కాగితం మీద సంతకం అడగాల్సి రావడం, మరణం, నర్సు “సార్, ఈ పేషెంటు నాకు తేడాగా కనిపిస్తున్నాడు” అనడం. ఈ చివరిది రాసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. పదిహేనేళ్లు వార్డులో ఉన్న సిస్టరు కంటికి మానిటరు కంటే ముందే తెలుస్తుంది.

పిలిచే వరుస కూడా అందులోనే ఉంది. జేఆర్-1 (మొదటి ఏడాది) నుంచి జేఆర్-2 లేదా 3కి, వాళ్ల నుంచి ఎస్‌ఆర్‌కి, ఆ తర్వాత డ్యూటీ కన్సల్టెంటుకి. పది నిమిషాల్లో ఫోన్ ఎత్తకపోతే పై మెట్టుకి నేరుగా వెళ్లొచ్చు, “నన్ను దాటి ఎందుకు చేశావు” అని అడగకూడదు. ఈ ముక్క హెచ్‌ఓడీ సంతకంతో వార్డు గోడ మీద అంటించి ఉండటం వల్లే నడుస్తోంది. సంతకం లేని డిపార్ట్‌మెంట్లలో అదే కార్డు ఉంది, కానీ జేఆర్-1లు రాత్రంతా గూగుల్‌నే పిలుచుకుంటున్నారు.

కార్డుకి మూడు లోపాలు. ఒకటి, అంకెలన్నీ పెద్దవాళ్లవి. ఊపిరి వేగం హద్దు రెండు నెలల లోపు పాపకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. పిల్లల వార్డులో పెద్దల కార్డు జేబులో పెట్టుకు తిరగడం ప్రమాదం. వెనక వైపు ఖాళీగానే ఉంది కాబట్టి అక్కడ అచ్చు వేయొచ్చు. రెండు, సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రోగికి శాచురేషన్ 88 నుంచి 92 మధ్య ఉంచడమే లక్ష్యం. 90 అన్న గీత అక్కడ అక్కరలేని కాల్స్ తెస్తుంది, ఇంకా ఘోరం, ఆక్సిజన్ అతిగా పెంచేలా చేస్తుంది. మూడు, నంబర్లు మనుషులవి. రోస్టరు మారగానే కార్డు పాతబడుతుంది. మెడిసిన్ వాళ్లు దీనికి తేలిక మార్గం కనిపెట్టారు: డిపార్ట్‌మెంటు పేరున ఒక కీప్యాడ్ ఫోన్ కొని, సెకండ్ కాల్‌లో ఉన్నవాళ్ల చేతికి మారుస్తున్నారు. నంబరు ఎప్పటికీ ఒక్కటే. ఛార్జరు మాయమవడం తప్ప దాంతో ఇబ్బంది లేదు. ఛార్జరుని ప్లగ్గు దగ్గరే టేపు వేసి కట్టేస్తే ఆ చిక్కూ తీరుతుంది.

ఫోన్‌లో ఏం చెప్పాలో ఇండక్షన్‌లో సాధన చేయిస్తారు. కొత్తవాళ్లు కథ మొదటి నుంచి ఎత్తుకుంటారు: “సార్, నలభై ఐదేళ్ల మగ మనిషి, మూడు రోజుల కిందట జ్వరంతో…” అవతల నిద్రలో ఉన్నవాడికి అసలు సంగతి చేరేసరికి ఒకటిన్నర నిమిషం పోతుంది. ముందు కావలసింది చెప్పడం నేర్పుతున్నారు: “సార్, మీరు వచ్చి చూడాలి. పన్నెండో బెడ్, బీపీ 80, అరగంటగా. లీటరు సెలైన్ పోయింది, పెరగలేదు.” నాలుగు ముక్కలు, ఇరవై సెకన్లు. ఇది ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి చేయించిన పద్ధతి బాగుంది.

ఇక డ్యూటీ గంటలు. కార్యక్రమంలో అసలైన భాగం ఇదే, అందరూ తప్పించుకు తిరిగే భాగమూ ఇదే. కాగితం మీద 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం ఒకేసారి 12 గంటలు, వారానికి 48 గంటలు అంటుంది. జాతీయ వైద్య కమిషన్ 2023 పీజీ నిబంధనలు గంటల లెక్క చెప్పకుండా “సహేతుకమైన పని వేళలు” అని వదిలేసి, వారానికొక సెలవు, ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు, 5 రోజుల అకడమిక్ లీవు ఇచ్చాయి. అదే కమిషన్ వేసిన మానసికారోగ్య టాస్క్‌ఫోర్స్ 2024లో వారానికి 74 గంటలు మించవద్దని సూచించింది. ఈ ఆసుపత్రి ఏ అంకెకూ కట్టుబడలేదు. ఒక్కటే నియమం పెట్టింది: రాత్రి డ్యూటీ చేసినవాళ్లు మర్నాడు ఉదయం 11కి వార్డు వదలాలి.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ లెక్క వేస్తే తెలుస్తుంది. యూనిట్లో ముగ్గురు జేఆర్-1లు, మూడు రోజులకొక రాత్రి. డ్యూటీ రోజు 24 గంటలు, మామూలు రోజు ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా 9 గంటలు. పోస్ట్-డ్యూటీ రోజు కూడా సాయంత్రం దాకా ఉంటే మూడు రోజులకు 42 గంటలు, వారానికి 98. పదకొండుకి వదిలేస్తే మూడు రోజులకు 36, వారానికి 84. అంటే ఈ ఒక్క నియమం వారానికి 14 గంటల నిద్ర. వారపు సెలవు కూడా నిజంగా ఇస్తే 75కి దిగుతుంది, టాస్క్‌ఫోర్స్ చెప్పిన అంకెకు ఆమడ దూరంలో కాదు, ఒక్క గంట దూరంలో. నలుగురుంటే సెలవుతో కలిపి 70కి అటూ ఇటూ. ముగ్గురిలో ఒకరు లీవు పెడితే మాత్రం మిగిలిన ఇద్దరికీ పదకొండు నియమం పాటించినా వారానికి 94 దాటుతుంది. కాబట్టి లీవు రిజర్వు (సెలవు పెట్టినవాళ్ల బదులు పనిచేసే అదనపు మనిషి) లేకుండా గంటలు తగ్గిస్తామని చెప్పేవాళ్లను నమ్మనక్కర్లేదు. ఇక్కడ లీవు రిజర్వు లేదు. ఎవరికైనా టైఫాయిడ్ వస్తే పక్కవాళ్ల నిద్ర లోంచే తీస్తారు.

పదకొండు నియమం ఎక్కడ తెగుతోందంటే, డిశ్చార్జి సమ్మరీల దగ్గర. చీఫ్ రౌండ్స్ తొమ్మిదిన్నరకి మొదలై పదకొండున్నర అవుతుంది. రౌండ్స్‌లో ఆరుగురికి డిశ్చార్జి చెప్తారు. ఆ సమ్మరీలు, గోపబంధు జన ఆరోగ్య యోజన (ఒడిశా ఉచిత వైద్య పథకం) కార్డు ఉన్నవాళ్ల పోర్టల్ ఫారాలు, ఫొటోలు, ప్యాకేజీ కోడ్లు అన్నీ రాత్రంతా మేలుకున్నవాడి నెత్తినే పడతాయి, “కేసు తెలిసింది నీకే కదా” అని. పదిహేడు గంటలు మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుతో సమానంగా పడిపోతుందని 1997లోనే చూపించారు. అలాంటి చేత్తో మందుల మోతాదులు రాయించడం ఎవరికి మేలు? ఆర్థోపెడిక్స్‌లో ఒక యూనిట్ దీన్ని తిప్పికొట్టింది: పోస్ట్-డ్యూటీవాడు తన రోగులను ఎనిమిదిన్నరకే చీఫ్‌కి ముందుగా చూపించేస్తాడు, సమ్మరీలు ఆ రోజు మామూలు డ్యూటీ వాడివి, పోర్టల్ పని డేటా ఎంట్రీ మనిషిది. అక్కడ పదకొండంటే పదకొండే. మిగతా యూనిట్లు ఎందుకు చేయవంటే, చీఫ్ ఎనిమిదిన్నరకు రావాలి కాబట్టి.

హ్యాండోవర్ షీటు. ఐ-పాస్ అనే అయిదు గడుల పద్ధతి: రోగి ఎంత తీవ్రంగా ఉన్నాడు, కేసు రెండు వాక్యాల్లో, చేయాల్సిన పనులు, “ఇలా అయితే ఇలా చెయ్యి”, చివరికి విన్నవాడు తిరిగి చెప్పడం. అమెరికా, కెనడాల్లో తొమ్మిది చోట్ల పిల్లల వైద్య రెసిడెన్సీ కేంద్రాల్లో పెట్టి చూసి 2014లో ప్రచురించిన ఫలితాల్లో వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం, నివారించగల హాని 30 శాతం తగ్గాయి. ఇక్కడ షీటు ఏ-4 కాగితం, పది మంది రోగులకు సరిపోతుంది, రాత్రి 8కి, ఉదయం 8కి నింపాలి. మొదటి మూడు గడులు బాగానే నింపుతున్నారు. నాలుగోది సగం షీట్లలో ఖాళీ.

ఆ నాలుగో గడి ఎందుకు ముఖ్యమో పాముకాటు కేసు ఒక్కటి చాలు. ఈ జిల్లాల్లో వర్షాకాలం వచ్చిందంటే ప్రతి అడ్మిషన్ డేకీ ఒకటి రెండు ఉంటాయి. రక్తం గడ్డకట్టని కాటుకు ముందు 10 వైల్స్ యాంటీవీనం (ఏఎస్‌వీ) వేస్తారు, ఆరు గంటల తర్వాత మళ్లీ ఇరవై నిమిషాల గడ్డ పరీక్ష చేసి, అప్పటికీ గడ్డకట్టకపోతే మరో డోసు. సాయంత్రం డ్యూటీ వాడు షీటులో “ఏఎస్‌వీ ఇచ్చాం” అని రాసి వెళ్లిపోతాడు. ఎన్నింటికి మొదలెట్టాడో లేదు. రాత్రి వాడికి పరీక్ష పదింటికో ఒంటిగంటకో తెలియదు, తెల్లారి అయిదింటికి చిగుళ్ల నుంచి రక్తం కనిపించాకే గుర్తొస్తుంది. సరైన వాక్యం ఇలా ఉండాలి: “10 వైల్స్ సా. 6.20కి మొదలు. రా. 12.20కి మళ్లీ టెస్టు. గడ్డకట్టకపోతే ఇంకో 10, ఎస్‌ఆర్‌కి ఫోన్.” షీటు వెనక ఇలాంటి నమూనా వాక్యాలు నాలుగైదు అచ్చు వేస్తే చాలు.

వాట్సాప్ గ్రూపులో హ్యాండోవర్ మాత్రం ఇంకా ఆగలేదు. మూడొందల మెసేజ్‌ల కింద పొటాషియం రిపోర్టు పడి ఉంటుంది, రోగి పేరు, మొహం, ఎక్స్‌రే అన్నీ కలిపి. నెలకోసారి గ్రూపులోంచి వెళ్లిపోయిన ఇంటర్న్‌ల ఫోన్లలోనూ అవన్నీ ఉంటాయి. షీటు ఉన్నా గ్రూపు ఎందుకంటే, షీటు కోసం వార్డుకి రావాలి.

ఇండక్షన్ మూడు రోజుల్లో మొదటి రోజు ఉపన్యాసాలు, దాటవేయవచ్చు. రెండో రోజు చేతి పని, అది మెచ్చుకోదగ్గది. సీపీఆర్ బొమ్మలు రెండే కావడంతో ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు దక్కాయి. 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కుళ్లు, 30కి 2 శ్వాసలు అన్నది నోటికి వచ్చింది గానీ చేతికి రాలేదు. ఆరుగురేసి బ్యాచ్‌లు చేసి నెలంతా సాయంత్రాలు చేయిస్తే అవే రెండు బొమ్మలు సరిపోతాయి.

దానికంటే బాగున్నది, ఈ ప్రాంతపు జబ్బుల బల్ల. గడ్డ పరీక్షకు కొత్త, పొడి గాజు గొట్టమే వాడాలని, 2 మి.లీ. రక్తం పోసి 20 నిమిషాలు కదపకూడదని చూపించారు. ప్లాస్టిక్ గొట్టంలోనో, సబ్బుతో కడిగిన గాజులోనో పోస్తే మంచి రక్తం కూడా గడ్డకట్టదు. లేని విషానికి పది వైల్స్ పోతాయి, వాటి రియాక్షను అదనం. ఆ రియాక్షనుకు అడ్రినలిన్ 0.5 మి.గ్రా. తొడ కండలోకి, సిరంజిలో ముందే తీసి మంచం పక్కన పెట్టుకున్నాకే యాంటీవీనం మొదలెట్టాలి. పక్క బల్ల మీద తీవ్ర మలేరియాకిచ్చే ఆర్టిసునేట్. 60 మి.గ్రా. పొడికి ముందు దాంతో వచ్చిన 1 మి.లీ. బైకార్బొనేట్ కలిపి, కరిగాక 5 మి.లీ. సెలైనో డెక్స్‌ట్రోజో చేర్చితే మి.లీ.కి 10 మి.గ్రా. అవుతుంది. 50 కిలోల మనిషికి కిలోకు 2.4 చొప్పున 120 మి.గ్రా., అంటే 12 మి.లీ. 20 కిలోల లోపు పిల్లలకు కిలోకు 3. వేళలు 0, 12, 24 గంటలు. కొత్తవాళ్లు చేసే తప్పులు రెండే: బైకార్బ్ పక్కన పడేసి నేరుగా సెలైన్ కలపడం, మిగిలింది మర్నాటి డోసుకి ఫ్రిజ్‌లో దాచడం. కలిపింది వెంటనే వాడాల్సిందే. తెలివి తప్పిన మలేరియా రోగికి షుగర్ చూడకుండా ఏదీ మొదలెట్టొద్దని గట్టిగా చెప్పారు, బాగుంది.

సికిల్ సెల్ నొప్పితో వచ్చినవాళ్లను “ఇంజెక్షన్ కోసం వచ్చాడు” అని అనుమానించకుండా ముందు నొప్పి తగ్గించాలన్నదీ, ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి నుంచి సరిహద్దు దాటి వచ్చే రోగికి క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూడకుండా డైక్లోఫినాక్ పొడవొద్దన్నదీ ఒక్కొక్క స్లైడులో ముగించారు. కిడ్నీ జబ్బుల ఉద్దానం పక్కనే ఉన్న ఆసుపత్రికి ఆ రెండో మాట మీద ఇంకో పావుగంట పెట్టాల్సింది.

సూది గుచ్చుకుంటే ఏం చేయాలన్నది చాలా కాలేజీల్లో కాగితమే. ఇక్కడ వస్తువు ఉంది. క్యాజువాల్టీ సిస్టర్ ఇన్‌ఛార్జి డ్రాయరులో మూడు రోజులకు సరిపడా, హెచ్‌ఐవీ సోకకుండా వేసుకునే టీఎల్‌డీ మాత్రలు, ఒక ఫారం, సాంపిల్ ట్యూబులు. ఇది ఎందుకు పెద్ద సంగతంటే, మందులు ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్లో ఉంటాయి, ఏఆర్‌టీ సెంటర్ సాయంత్రానికి మూసేస్తారు, సూదులు గుచ్చుకునేది రాత్రి రెండింటికి. మొదటి మాత్ర రెండు గంటల్లోపు పడితే మేలు, 72 గంటలు దాటాక మొదలెట్టి లాభం లేదు. కోర్సు 28 రోజులు. శనివారం రాత్రి గుచ్చుకున్నవాడికి మూడు రోజుల ప్యాకు సోమవారం దాకా లాక్కొస్తుంది. గాయాన్ని సబ్బు, నీళ్లతో కడగాలి. పిండకూడదు, బ్లీచ్, డెటాల్ పోయకూడదు, వేలు నోట్లో పెట్టుకోకూడదు. రోగికి పరీక్ష చేయాలంటే అతని అనుమతి కావాలి. గుచ్చుకున్నవాళ్లకు ఆ రోజు, ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు పరీక్ష.

లోపం హెపటైటిస్-బి దగ్గర ఉంది. గుచ్చుకున్న సూది నుంచి హెచ్‌ఐవీ అంటుకునే అవకాశం వెయ్యికి మూడు. టీకా లేనివాడికి హెపటైటిస్-బి అంతకు ఎన్నో రెట్లు. అందరూ భయపడేది మొదటిదానికి, జాగ్రత్త పడాల్సింది రెండోదానికి. చేరే రోజున “మూడు డోసులు పూర్తయ్యాయి” అని టిక్కు పెట్టించుకుంటున్నారు గానీ యాంటీబాడీ టైటర్ చూడటం లేదు. 10 కంటే తక్కువ వచ్చినవాళ్లకు మళ్లీ టీకాలు అవసరం. తమ సొంత డబ్బుతో చేయించుకుని చేరడం ఉత్తమం. ఫారంలో పేరు రాసి క్యాజువాల్టీ రిజిస్టర్లో అతికించడం మరో తప్పు. పేరు బదులు కోడ్ ఉంటే సిగ్గుపడి దాచేవాళ్లు తగ్గుతారు.

భద్రత విషయంలో బోర్డులు పెరిగాయి. 2024 ఆగస్టులో కేంద్రం, దాడి జరిగిన ఆరు గంటల్లోపు సంస్థ తరఫునే ఎఫ్‌ఐఆర్ పెట్టాలని ఆదేశించింది; ఆ కాగితం ఇక్కడ ప్రతి వార్డులో ఉంది. ఫిర్యాదు ఎవరు రాస్తారు, రాత్రి అయితే ఎవరికి ఫోన్, ఆ పేరు మాత్రం లేదు. పని చేస్తున్నదల్లా ఒక చిన్న అలవాటు: మరణం చెప్పడానికి జేఆర్-1 ఒక్కడూ వెళ్లకూడదు. ఇద్దరు వెళ్లాలి, ఒకరికి ఆ ఇంటి భాష రావాలి, బంధువులను కూర్చోబెట్టాలి, చెప్పేవాళ్లు తలుపు వైపు ఉండాలి.

భాష అన్నాం కాబట్టి. ఒడియా క్లాసు సాయంత్రం అయిదున్నరకి. ఆ వేళకి రాగలిగేది డ్యూటీ లేనివాళ్లే, వాళ్లు నిద్రపోతారు. అక్షరాలతో మొదలెట్టడం ఇంకో పొరపాటు. కొత్త డాక్టరుకి ముందు కావలసింది జొరొ (జ్వరం), బాన్తి (వాంతి), ఝాడా (విరేచనం), పరిస్రా (మూత్రం), ఎప్పటినుంచి, ఎన్నిసార్లు, ఊపిరి పీల్చు, నొక్కితే నొప్పా, అంతే. ముప్పై నలభై మాటలు. పెద్దామెను మౌసీ అనీ, పెద్దాయనను మౌసా అనీ పిలవడం వస్తే సగం హిస్టరీ దానంతటదే వస్తుంది. పిల్లల వార్డు సిస్టర్లు ఉదయం రౌండ్స్‌కి ముందు పది నిమిషాలు ఇవే నేర్పుతున్నారు, ఎవరూ చెప్పకుండానే. క్లాసు మానేసి దాన్నే అన్ని వార్డుల్లో పెట్టాలి. సవర, కుయి మాట్లాడే రోగులకు ఇప్పటికీ దిక్కు వెంట వచ్చిన ఆశా కార్యకర్తే. ఆమెకి బస్సు టైమయ్యేలోపు కన్సెంట్ మాట్లాడేయాలి. తెలుగు వచ్చిన ఇంటర్న్‌లను మాత్రం అన్ని వార్డుల వాళ్లూ దుబాసీలుగా వాడేస్తున్నారు. వాళ్ల పని వాళ్లకు మిగిలే ఉంటుంది.

మెంటరు పథకం కాగితం మీద చక్కగా ఉంది: ఒక్కో అధ్యాపకుడికి అయిదుగురు, నెలకోసారి ఇరవై నిమిషాలు. కానీ మెంటరుగా థీసిస్ గైడ్‌నే పెట్టారు. లీవు ఇచ్చేది, థీసిస్ మీద సంతకం పెట్టేది, ప్రాక్టికల్స్‌లో పక్కన కూర్చునేది ఆయనే. “ఎలా ఉన్నావమ్మా” అంటే “బాగున్నాను సార్” తప్ప ఇంకే జవాబు వస్తుంది? మెంటరు వేరే డిపార్ట్‌మెంటు మనిషి కావాలి. కౌన్సెలింగ్ కూడా అంతే. అదే ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో, తోటి పీజీల ముందు టోకెన్ తీసుకుని కూర్చోవాలి. ఎవరూ వెళ్లరు, వెళ్లలేదని “అవసరం కనిపించలేదు” అని రిపోర్టు రాస్తారు. మానసికారోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు, పేరు చెప్పనక్కర్లేదు. ఆ అంకె హాస్టల్ గది తలుపు వెనక ఉండాలి. ఇక్కడ ఆడిటోరియం బ్యానర్ మీద ఉంది.

తిండి గురించి ఒక్క మాట. మెస్ రాత్రి తొమ్మిదిన్నరకు మూసేస్తారు. ఎండాకాలం పఖాళ (చద్దన్నం) బాగుంటుంది, దాల్మాకి (కూరగాయల పప్పు) తెలుగు నాలుక త్వరగానే అలవాటు పడుతుంది. రాత్రి ఒంటిగంటకి మాత్రం గేటు బయట టీ, బిస్కెట్టే గతి.

థీసిస్ క్లినిక్ బుధవారం మధ్యాహ్నం, కమ్యూనిటీ మెడిసిన్ నుంచి ఒకరు కూర్చుంటారు. శాంపిల్ సైజు లెక్కకి ఇంతకంటే మంచి చోటు లేదు. ప్రశ్న పట్టుకుని వెళ్లాలి. “టాపిక్ చెప్పండి సార్” అంటే తిప్పి పంపుతారు, సబబే. ఎథిక్స్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది కాబట్టి ఒక సమావేశం తప్పితే పావు ఏడాది పోయినట్టే. మందులనో పద్ధతులనో పోల్చే ట్రయల్ చేసేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయళ్ల జాతీయ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ మొదటి రోగిని చేర్చుకోకముందే కావాలి. 2018 ఏప్రిల్ నుంచి వెనక తేదీ రిజిస్ట్రేషన్లు లేవు. ముందు పదిమందిని చేర్చేసి తర్వాత దరఖాస్తు పెడితే తీసుకోరు. క్లినిక్ ఈ మాట మొదటి వారంలో చెప్పదు, అడిగితే చెప్తుంది.

సీనియర్ రెసిడెంట్ల భాగం పలచన. వాళ్లకూ ఇదే మొదటి ఉద్యోగమని ఎవరికీ తోచలేదు. ఎస్‌ఆర్‌గా ఏడాది చేస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వస్తుంది, అసోసియేట్ దగ్గరకొచ్చేసరికి బీసీఎంఈటీ (వైద్య బోధన), బీసీబీఆర్ (వైద్య పరిశోధన) సర్టిఫికెట్లు అడుగుతారు. రెండోది ఐసీఎంఆర్ ఆన్‌లైన్ కోర్సు, పాఠాలు ఇంట్లో కూర్చుని చూసేయొచ్చు. మొదటిదానికి సీట్లు పరిమితం. జాబితాలో పేరు ముందే రాయించుకోవాలి. రాత్రి పూట నిర్ణయాలన్నీ ఎస్‌ఆర్ నెత్తినే ఉంటాయి, ఆయనకి పైన ఎవరు ఫోన్ ఎత్తుతారో కార్డులో “డ్యూటీ కన్సల్టెంట్” అని మాత్రమే ఉంది, నంబరు గడి ఖాళీ.

ఆంధ్ర, తెలంగాణ మెడికల్ కౌన్సిళ్లలో పేరున్నవాళ్లు ఎన్‌ఓసీకి సీటు ఖాయమైన రోజే దరఖాస్తు పెట్టుకోవాలి. ఒడిశా కౌన్సిల్ ఆఫ్ మెడికల్ రిజిస్ట్రేషన్ కాగితం అడిగినప్పుడు చేతిలో లేకపోతే తిరుగుడు తప్పదు. ఇండక్షన్ కిట్టులో ఈ కాగితాల జాబితా లేదు. పెన్ను, డైరీ, నీళ్ల సీసా ఉన్నాయి.

చివరిది, మూడు నెలల జిల్లా రెసిడెన్సీ. మూడు, నాలుగు, అయిదు సెమిస్టర్లలో ఎప్పుడో ఒకప్పుడు కనీసం 50 పడకలున్న జిల్లా ఆసుపత్రికి వెళ్లాలి. సహాయ కార్యక్రమం కాలేజీ గేటు దగ్గర ఆగిపోతుంది. పర్లాకిమిడి వైపో రాయగడ వైపో వెళ్లిన జేఆర్-2కి అక్కడ సెకండ్ కాల్ ఎవరో, టీఎల్‌డీ ప్యాకు ఉందో లేదో, వెంటిలేటర్ కావాల్సిన కాటు కేసును ఏ అంబులెన్సులో, ఎవరికి చెప్పి పంపాలో ఎవరూ రాసివ్వరు. ఒక్క అనస్థీషియా డిపార్ట్‌మెంటు మాత్రం వెళ్లేవాళ్లకు తమ కీప్యాడ్ ఫోన్ నంబరు ఇచ్చి, జిల్లా నుంచి వచ్చే కాల్స్‌కి వేరే రిజిస్టరు పెట్టింది. వార్డు రోస్టరు వేసేవాళ్లకు ఇంకో పని: జిల్లాకి వెళ్లే తేదీలు మూడు నెలల ముందే తెలుస్తాయి, కాబట్టి ఒకే యూనిట్ నుంచి ఇద్దరు ఒకేసారి వెళ్లకుండా ఆ రోజే గీత గీసుకోవాలి. ప్రస్తుతం ఆర్డరు వచ్చాక చూసుకుంటున్నారు.